గాలికి దారి

గుడారాన్ని నాలుగు పక్కలా మూస్తే గాలిపటమై ఎగిరిపోతుంది. పక్కలు విప్పితే పందిరై నిలబడుతుంది. గుడారాలు అద్దెకిచ్చే మేస్త్రీకి బతుకు నేర్పిన పాఠం ఇదొక్కటే. దాని మీదే ఆయన సంసారం నడిపాడు, కొడుక్కి పెళ్ళి చేశాడు, వీధిలో పేరు తెచ్చుకున్నాడు. ఒకప్పుడు మైదానంలో పెద్ద సభ జరుగుతుండగా సుడిగాలి లేచింది. జనం హాహాకారాలు చేస్తూ కుర్చీల కింద దూరుతుంటే ఆయన మాత్రం కత్తి పట్టుకుని పరుగెత్తి పక్కతెరల తాళ్ళు ఎడాపెడా కోసేశాడు. తెరలు కొట్టుకుపోయాయి గాని పైకప్పు నిలిచింది. దాని కింద ఉన్న జనం చిన్న దెబ్బ కూడా తగలకుండా ఇళ్ళకు పోయారు. అప్పటి నుంచి వీధి ఆయనను గాలి మేస్త్రీ అంది. వాన వస్తుందా, మేడ మీద పడుకోవచ్చా, ఆరేసిన బట్టలు తియ్యాలా అని అడగడానికి అందరూ ఆయన గుమ్మం ముందుకే వచ్చేవారు. ఆయన చెప్పినవి చాలావరకు నిజమయ్యేవి. తప్పినవాటిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

అందుకే తుఫాను ఆ మధ్యాహ్నమే తీరం దాటుతుందని రేడియో మొత్తుకుంటున్న ఉదయం కూడా జనం ఆయన గుమ్మం దగ్గరే చేరారు.

ఆ వీధి ఇరుకు. ఎదురు వరస ఇళ్ళ వీపులు పాతమిల్లు ప్రహరీ గోడకు ఆనుకుని ఉంటాయి. వాటికి వెనక వైపు తలుపు గాని కిటికీ గాని లేదు, ఉన్నవన్నీ వీధిలోకే. ఇటు వైపు ఉన్న ఇల్లు మేస్త్రీది ఒక్కటే, దాని వెనక ఖాళీ స్థలం. అన్నీ ఇటుక గోడలు, రేకుల కప్పులు. వీధి ఎత్తు మీద ఉంది కాబట్టి నీళ్ళ భయం లేదని, గోడలు గట్టివే కాబట్టి ఇళ్ళలోనే ఉండవచ్చని, పల్లంలో ఉన్నవాళ్ళు మాత్రం బడికి తరలాలని మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి చెప్పి వెళ్ళారు.

"ఏం మేస్త్రీ, ఎగురుతామా, ఉంటామా?" అన్నాడు ఎదురింటి ఇస్త్రీ ఆయన. వీధిలో చిన్నా పెద్దా అతన్ని మడతల బాబాయ్ అంటారు. అతను బట్టలతో పాటు మాటలనూ మడతలు పెడతాడు.

"నువ్వెక్కడ ఎగురుతావయ్యా? ఇస్త్రీపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చో. ఏ గాలీ లేపలేదు."

అందరూ నవ్వారు. కుట్టుమిషను పెట్టుకుని బతికే టైలరమ్మ మాత్రం నవ్వలేదు. "మీ సరసాలు తర్వాత. మా ఆయన కిటికీలకు చెక్కలు పెట్టి మేకులు కొట్టేద్దామంటున్నాడు. కొట్టమంటారా, వద్దంటారా?"

"మేకులా! పొరపాటున కూడా వద్దు. గాలిని అడ్డుకున్నావా, పగబడుతుంది. దారిచ్చావా, దాని దారిన అది పోతుంది. కిటికీలు బార్లా తీసి రెక్కలు గోడకి కట్టెయ్యండి. నా మాట వినండి, ఒక్క రేకు కదిలితే నన్నడగండి."

ఆ మాటతో జనం గుండె నిబ్బరం చేసుకుని ఎవరి గుమ్మాల్లోకి వాళ్ళు పోయారు. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలను ఒకదానిలో ఒకటి దోపి తాడుతో బిగిస్తున్న కోడలి చేతులు మాత్రం ఆగిపోయాయి.

ఆమె తాపీమేస్త్రీ కూతురు. పెళ్ళయ్యేదాకా తండ్రి వెంట సున్నం, ఇటుకలు మోసిన మనిషి. మొగుడు గుడారపు బట్టలన్నీ లారీకెత్తుకుని పక్క ఊరి గోదాములో దాచడానికి వెళ్ళాడు. తుఫాను తగ్గేదాకా అక్కడే ఉండమని అతనికి గట్టిగా చెప్పి పంపింది కూడా ఆమే.

"మామయ్యా, ఒక మాట చెప్తే కోపం రాదుగా?"

"చెప్పిన తర్వాత చూద్దాం."

"ఇల్లు గుడారం కాదు కదా. గుడారానికి తెరలు విప్పితే గాలి కిందనుంచి సాఫీగా పోతుంది. ఇంటికి గోడలు విప్పలేం. కిటికీలోంచి దూరిన గాలి ఎటు పోతుంది? పైకే. పైన గాలి రేకుని లాగుతూ ఉంటుంది, కిందనుంచి ఇది తంతుంది. మా నాన్న పనిచేసే చోట ఒక షెడ్డు అలాగే లేచిపోయింది. తలుపు తెరిచి ఉండబట్టే. రేడియోలో కూడా అన్నీ మూసుకోమనే చెప్తున్నారు."

"రేడియోలో మాట్లాడేవాడు ఎప్పుడైనా గాలిలో తాడు పట్టుకున్నాడా? మీ నాన్న గోడలు కడతాడమ్మా. గోడ కదలదు. కదలని దాని సంగతి ఆయనకు తెలుసు. కదిలేదాని సంగతి నన్నడుగు."

లోపల్నుంచి ఆయన భార్య అందుకుంది. "ఆయనతో వాదించకే తల్లీ. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగోది చూపించావంటే అది కుందేలే కాదంటారు."

కోడలు వాదించలేదు, పనిలో పడింది. ఇంటి నడుమ ఒక సామాను గది ఉంది. దానికి కిటికీ లేదు, ఆ ఇంట్లో సిమెంటు కప్పు ఉన్నది దానికొక్కదానికే. అందులోని వంటపాత్రలూ ఇనుప మేకులూ బయటికి తీసి, గోడల వెంట పరుపులు నిలబెట్టింది. తివాచీల చుట్టలు గుమ్మానికి అటూ ఇటూ పేర్చింది. బిందెల్లో నీళ్ళు పట్టి మూతలు బిగించింది. బిస్కెట్లు, పండ్లు, అత్తగారి మాత్రలు, టార్చిలైటు, రేడియో ఒక బుట్టలో సర్దింది. ఇంటి కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి నడుముకి కట్టుకుంది. గ్యాసు బండ దగ్గరే కట్టేసి, కరెంటు మెయిన్ దించేసింది. చివరగా, ఇంకా బడికి కూడా పోని కూతుర్ని కూర్చోబెట్టి బూట్లు తొడిగింది.

"ఇంట్లో బూట్లేంటమ్మా? నానమ్మ తిడుతుంది."

"తిట్టదులే. గాజు పెంకులు పడితే ఇల్లూ వీధి లాంటిదే. నానమ్మకి కూడా చెప్పులు ఇచ్చిరా."

మేస్త్రీ అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఇన్నేళ్ళ నుంచి ఆయన దగ్గర పనిచేసే కూలీలు లారీకి సామాను ఎక్కించడంలో కూడా ఇంత పొందిక ఎన్నడూ చూపలేదు. ఏ వస్తువునూ రెండోసారి ముట్టుకోవాల్సిన పని లేకుండా సర్దింది పిల్ల. ఆ సంగతి ఆయన మనసులో అనుకున్నాడే గాని పైకి అనలేదు. ఆమె కిటికీ దగ్గరికి వచ్చి గడియ పెడుతుంటే అడ్డు చెప్పనూ లేదు. సమయం వచ్చినప్పుడు తనే తీయవచ్చులే అనుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆకాశం మసిగుడ్డలా అయింది. గాలి మిల్లు గోడ వైపు నుంచి మొదలైంది. మొదట ఈల వేసింది, తర్వాత మూలిగింది, ఆ తర్వాత ఏ జంతువూ అరవని అరుపు అరిచింది. నలుగురూ సామాను గదిలో పరుపుల మధ్య కూర్చున్నారు. పాప చెవులు మూసుకుని తల్లి ఒళ్ళో దూరింది. మేస్త్రీ చెవులు మాత్రం పైకప్పు మీదే ఉన్నాయి. రేకులు ఊపిరి పీలుస్తున్నాయి, వదులుతున్నాయి. మేకుల దగ్గర కిర్రుమంటున్నాయి. మూసిన గుడారం తెగబోయే ముందు చేసే చప్పుడే అది. ఆ చప్పుడు విని చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక తెలియదు. అరచేతులు దురద పెట్టాయి.

"ఎక్కడికండీ?" అంది భార్య.

"ఇక్కడే. గడియ చూసొస్తా."

చూడ్డానికి వెళ్ళినవాడు గడియ తీశాడు. ముందు గది కిటికీ తీసి, వెనక వంటింటి తలుపు కూడా తీస్తే గాలి ఇటునుంచి అటు జారిపోతుందని ఆయన లెక్క. వెనక తలుపు దాకా వెళ్ళే వ్యవధి గాలి ఆయనకు ఇవ్వలేదు. కిటికీ రెక్కలు చేతుల్లోంచి ఊడిపోయి గోడకు కొట్టుకున్నాయి. లోపల పడ్డ గాలి ఇల్లంతా ఉబ్బించింది. వంటింటి మీద రేకులు ఒక్కసారి పైకి లేచి దబ్బున పడి మళ్ళీ లేచాయి. మేకులు తుపాకీ గుండ్లలా పేలాయి. ఒక రేకు పోయింది, దాని వెనకే పక్కది పోయింది. పొయ్యి గట్టు మీద ఆకాశం కనిపించింది.



కోడలు పిల్లను అత్తగారి చేతికిచ్చి వచ్చింది. ఒక్క చూపులో అంతా చూసింది. ఎందుకు తీశారని అడగలేదు. వంటింటికీ ముందు గదికీ మధ్య తలుపును భుజంతో నెట్టి మూసి గడియ పెట్టింది. "పోయింది పోనివ్వండి మామయ్యా. ఉన్నది కాపాడుకుందాం. కిటికీ పట్టండి!"

ఇద్దరూ చెరో రెక్క పట్టుకున్నారు. నెట్టినకొద్దీ గాలి వెనక్కి నెడుతోంది. వాన గులకరాళ్ళలా ముఖాన కొడుతోంది. ఆమె మళ్ళీ బలం తీసుకుని నెట్టబోతుంటే ఆయన ఆపాడు.

"ఇప్పుడు కాదమ్మా. ఆగు. అది దమ్ము తీసుకుంటుంది. అప్పుడు."

"ఎప్పుడు?"

"చెప్తా. పట్టుకునే ఉండు... ఉండు... ఊఁ, ఇప్పుడు!"

గాలి ఒక్క క్షణం వదులైంది. ఇద్దరూ కలిసి రెక్కలు మూశారు. ఆమె గోడవార పడి ఉన్న గుడారపు గుంజల్లోంచి ఒకదాన్ని కాలితో దొర్లించుకుని రెక్కలకు అడ్డంగా నిలిపింది. ఆయన తాడు తీసి కమ్మీలకు వేసి ముడి బిగించాడు. మళ్ళీ గాలి వచ్చి గుద్దింది. గుంజ మూలిగింది గాని జరగలేదు.

సామాను గదిలోకి తిరిగొచ్చాక ఆయన తడిసిన కోడిలా మూల కూర్చున్నాడు. భార్య నోరు తెరవబోయింది. "తర్వాత అత్తయ్యా, ఇప్పుడు కాదు" అని కోడలు తువ్వాలు అందించింది. ఆయన అరచేయి గీసుకుపోయి నెత్తురు కారుతుంటే కడిగి గుడ్డ కట్టింది.

"మీరు గాలి దమ్ము పసిగట్టబట్టి మూయగలిగాం. నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు."

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదాయనకు. తప్పు చేసినవాడికి ఆ తప్పులోంచి కూడా ఏదో ఒక మంచి వెతికి చేతిలో పెట్టింది. ఇంత పిల్లకి ఈ పెద్దరికం ఎక్కడిది? ఎండలో ఇటుకలు మోస్తే వచ్చిందా?

అలా అనుకుంటుండగానే ఆయనకు గుర్తొచ్చింది. ఎదురు వరస! అందరి కిటికీలూ తెరిచే ఉన్నాయి. ఎవరో చెప్తే కాదు, తను చెప్తే తీశారు. ఫోన్ తీశాడు. మడతల బాబాయికి చేశాడు, టైలరమ్మకి చేశాడు. ఫోను మూగపోయి ఉంది. తుఫాను హోరు దాటి వినపడేంత గొంతు మనిషికెక్కడిది? నోటి మాట ఎంత తేలికగా పోతుందో, వెనక్కి తేవడానికి అంత బరువవుతుంది.

అప్పుడు గాలి ఆగింది.

తగ్గలేదు, ఆగింది. ఎవరో నోరు నొక్కినట్టు. చెవులు హోరెత్తిపోయేంత నిశ్శబ్దం. తలుపు సందుల్లోంచి వెలుతురు కూడా పడింది. వీధిలో తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు, మాటలు, ఎవరిదో నవ్వు.

మేస్త్రీ వీధి తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురు వరస వాళ్ళంతా బయటికొచ్చారు. కొమ్మలూ పెంకులూ దాటుకుంటూ వచ్చి మడతల బాబాయ్ రెండు చేతులూ జోడించాడు.

"మేస్త్రీ, నీ నోట్లో పంచదార పొయ్య! చెప్పినట్టే బార్లా తీసి పెట్టాం. ఒక్క రేకు కదిలితే ఒట్టు! గాలి లోపలికి తొంగి కూడా చూళ్ళేదు."

"మా ఆయన మేకులు కొట్టేవాడే. మీ మాట విని ఆగాం" అంది టైలరమ్మ. "నిజంగా మీరు గాలిని కన్నవాళ్ళండీ."

మేస్త్రీ మిల్లు గోడ వంక చూశాడు. గాలి అటునుంచి వచ్చింది. ఆ గోడ వాళ్ళ వీపుల్ని కాచింది. వాళ్ళ కిటికీలు చాటున ఉన్నాయి. అంతే. తన ఇంటి వెనక పోయిన రేకులు వీధికి కనపడవు. చూసినవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు.

వెనక నుంచి కోడలు మెల్లగా అంది. "మామయ్యా, ఇది తుఫాను నడిమధ్యట. ఇలా ఆగితే నమ్మొద్దని రేడియోలో పొద్దుటి నుంచీ చెప్తున్నారు. ఇప్పుడు రెండో వైపు నుంచి కొడుతుంది. మన వెనక నుంచి. నేరుగా వాళ్ళ కిటికీల్లోకి."

ఆమె ఆగలేదు, గుమ్మం ముందుకొచ్చి గొంతెత్తింది. "బాబాయ్, ఇంకా అయిపోలేదు! అందరూ లోపలికి వెళ్ళి కిటికీలు మూసెయ్యండి!"

"అదేంటమ్మాయ్? మామ తెరవమంటాడు, కోడలు మూయమంటుంది. ముందు మీ ఇంట్లో ఒక మాట మీదకి రండి." బాబాయ్ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నవ్వుతూనే అందరూ మేస్త్రీ ముఖంలోకి చూశారు. ఆయన ఎటు తల ఊపితే అటే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మింగలేని ముద్ద ఒకటి గొంతులో అడ్డం పడింది. ఇన్నేళ్ళ పేరు అది. ఆయన దాన్ని మింగలేదు, బయటికే ఉమ్మేశాడు.

"బాబాయ్, నేను చెప్పింది తప్పు."

"మొదలెట్టాడండీ వేళాకోళం!"

వీళ్ళు మాటతో నమ్మరని ఆయనకు అర్థమైంది. లోపలికి నడిచి వంటింటి తలుపు గడియ తీసి బార్లా తెరిచాడు. వీధిలోంచి చూసేవాళ్ళకు ముందు గదీ, దాని వెనక వంటిల్లూ, వంటింటి మీద కప్పు ఉండాల్సిన చోట తెల్లటి ఆకాశమూ కనిపించాయి. గిన్నెలన్నీ చెల్లాచెదురై ఉన్నాయి. గోడ మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి.

"అది నా వంటిల్లు. కోడలు మూయమంది. నేను వినకుండా కిటికీ తీశాను. తీసిన మరు నిమిషంలో ఎగిరిపోయింది. మిమ్మల్ని కాపాడింది నా మాట కాదు, మిల్లు గోడ. ఈసారి గాలి మా వీపు మీది నుంచి మీ ముఖాల మీదికి వస్తుంది. అమ్మాయి ఏం చెప్తే అది చెయ్యండి. నన్నడగొద్దు."

టైలరమ్మ అప్పటికే ఇంట్లోకి పరుగెత్తింది.

అక్కడి నుంచి కోడలే చెప్పింది. అరుపుల్లేవు, ఆర్భాటం లేదు. రెక్కలు మూసి లోపల్నుంచి అడ్డు పెట్టమంది. పిల్లల్నీ ముసలివాళ్ళనీ కిటికీలకి దూరంగా మిల్లు గోడ వైపు మూలకి చేర్చి మంచాల కింద పరుపులు వెయ్యమంది. గాజు సామాను కిందకి దించమంది. తెగిపడ్డ తీగలు తొక్కొద్దంది. రేడియోలో చెప్పేదాకా ఎవరూ బయట కాలు పెట్టొద్దంది. మేస్త్రీ సామాను కట్టల్లోంచి గుంజలు లాగి ఇంటింటికీ అందించాడు. తాళ్ళు కోసి పంచాడు. ఆ పూట వీధిలో గుడారపు గుంజ అడ్డం పడని కిటికీ లేదు.

టైలరమ్మ కిటికీ ఒక రెక్క కీలు వదులు. ఆయన దాన్ని కమ్మీకి కట్టేస్తుంటే దూరంగా ఖాళీ స్థలంలో గడ్డి ఒక్కసారి పడుకుంది.

"మామయ్యా, రండి!"

"ఒక్క ముడి అమ్మాయ్!"

"ముడి వాళ్ళు వేసుకుంటారు. మీరు రండి!"

సగం ముడిని వదిలి రావడం ఆయన వృత్తిలో మహాపాపం. వదిలేసి వచ్చాడు. మధ్య తలుపూ వీధి తలుపూ గడియ పడ్డాయో లేదో, ఇంటి వెనక నుంచి రైలు వచ్చి గుద్దినట్టయింది.

వంటింటి మీద మిగిలిన రేకులు కూడా పోయాయి. మధ్య తలుపు వణికింది. మామా కోడలూ దానికి తివాచీ చుట్టలు ఆనించి వీపులు పెట్టి కూర్చున్నారు. సామాను గదిలోంచి పాప ఏడుపు గొంతుతో అడిగింది. "తాతయ్యా, గాలి నీ మాట వినదా?"

"వినదు తల్లీ. అది ఎవరి మాటా వినదు. దాని మాట మనమే వినాలి. మీ అమ్మ విన్నది."

"అయితే అమ్మ ఏమంటుంది?"

"అమ్మేమీ అనట్లేదు. తలుపు మోస్తోంది" అంది కోడలు. మేస్త్రీకి అంతటి గాలిలోనూ నవ్వొచ్చింది.

ఎంతసేపని ఎవరు లెక్కపెట్టారు? గాలి పిడి నెమ్మదిగా సడలింది. హోరు ఈలగా మారింది. ఈల నిట్టూర్పుగా మారింది. తలుపు సందుల్లో వెలుతురు బూడిదరంగుకు తిరిగింది. సాయంత్రం అయినట్టుంది. మేస్త్రీ లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఎదురు వరస ఏమైందో చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. తలుపు దాకా వెళ్ళి చెయ్యి గడియ మీద పెట్టాడు. కోడలి వంక చూశాడు. ఆమె రేడియో చెవికి ఆనించుకుని తల అడ్డంగా ఊపింది. ఆయన చెయ్యి తీసేశాడు.

"ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఒక్కసారి కూడా నా మాటకి ఆ చెయ్యి తియ్యలేదు" అని భార్య ఎవరికీ కాకుండా అంది.

అంతలో వీధికి అటువైపు నుంచి, మూసిన కిటికీ వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "మేస్త్రీ! ఉన్నావా?"

మడతల బాబాయ్! మేస్త్రీ తలుపుకు నోరానించి అరిచాడు. "ఉన్నానయ్యా! నీ కప్పు?"

"నెత్తి మీదే ఉంది! గుంజ విరిగింది గానీ కిటికీ ఊడలేదు!"

"టైలరమ్మా!"

"ఉన్నామండీ!" ఆమె గొంతు బొంగురుపోయింది. "మీరు వదిలేసిన ముడి మా ఆయన వేశాడు. కుట్టుమిషను కూడా రెక్కకి అడ్డం పెట్టాం. అందరం బాగున్నాం!"

ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు పలికింది. ప్రతి గొంతుకూ మేస్త్రీ కళ్ళు తుడుచుకున్నాడు. కోడలు అటు తిరిగి ఉంది గాని ఆమె భుజాలు కూడా కదులుతున్నాయి. ఇంతసేపూ బండరాయిలా ఉన్న పిల్ల ఇప్పుడు ఏడుస్తోంది. ఆయన తువ్వాలు తీసి ఆమె పక్కన పెట్టాడు.

ఎదురుగా గడియ తీస్తున్న చప్పుడు. "గాలి పోయినట్టే ఉంది మేస్త్రీ! వచ్చేస్తున్నా!"

"రాకు!" మేస్త్రీ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "ఎవరూ బయటికి రావద్దు! అమ్మాయి ఇంకా చెప్పలేదు!"